బీబీఏ, బీకాం పిల్లలు బయట పని నేర్చుకోవడానికి మా బ్యాచ్ డబ్బు ఇవ్వాలనుకుంటోంది, ఎలా ఇస్తే ఉపయోగం?

ప్రశ్న (పూర్వ విద్యార్థి, హైదరాబాద్)

అందరికీ నమస్కారం. గుంటూరు జిల్లాలో మేం చదివిన ప్రభుత్వ డిగ్రీ కాలేజీ కోసం మా బీకాం బ్యాచ్ వాళ్లం 3 లక్షల దాకా పోగుచేశాం. ప్రొజెక్టర్ కొనిద్దామని కొందరు, గేటు కట్టిద్దామని ఇంకొందరు అంటున్నారు. నాకైతే పిల్లలు కాలేజీ దాటి బయటికెళ్లి వ్యాపారం ఎలా నడుస్తుందో కళ్లతో చూడాలని ఉంది. మిర్చి యార్డు పక్కనుంచే మూడేళ్లు బస్సులో తిరిగాం, లోపలికి తీసుకెళ్లినవాళ్లు లేరు.

టూర్‌కి ఇవ్వాలా, ఇంటర్న్‌షిప్‌కా? డబ్బు ఎవరి ఖాతాలో వేయాలి? అమెరికాలో ఉన్న ఇద్దరు నేరుగా పంపొచ్చా? పన్ను మినహాయింపు వస్తుందా?

జవాబు (కామర్స్ లెక్చరర్)

చాలా మంచి ఆలోచనండీ. ఇంటర్న్‌షిప్‌కే ఇవ్వండి. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో మారిన డిగ్రీ సిలబస్‌తో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, వేసవి ఇంటర్న్‌షిప్, ఆ పైన ఒక సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్ వచ్చాయి. కాగితం మీద బాగుంది. కానీ పల్లె నుంచి వచ్చే అమ్మాయి విజయవాడలోనో గుంటూరులోనో నాలుగు నెలలు ఉండాలంటే హాస్టల్ అద్దె, భోజనం, బస్ చార్జీలు ఎవరిస్తారు? స్టైపెండ్ ఇచ్చే చోట్లు తక్కువ. పైగా చాలామంది సాయంత్రాలు మెడికల్ షాపులోనో క్యాటరింగ్‌లోనో చేస్తుంటారు. ఊరు మారితే ఆ నాలుగు రూపాయలూ పోతాయి. చివరికి ఇంటి పక్క కొట్టులో సంతకం పెట్టించుకుని రిపోర్టు రాసేస్తారు. దాన్ని బద్ధకం అనకండి, ఆ ఇంటి లెక్క అలా ఉంటుంది.

హాస్టల్‌కి నెలకు 5 వేలు వేసుకున్నా నాలుగు నెలలకు ఒకరికి 20 వేలు. 3 లక్షలకు 15 మంది వస్తారు. నేనైతే 12 మందినే తీసుకుని మిగతా 60 వేలు బస్ పాసులకు, ఒకరోజు సందర్శనలకు ఉంచుతాను.

సందర్శన అంటే గ్రూప్ ఫోటో, బిస్కట్ ప్యాకెట్ కాకూడదు. యార్డుకు తీసుకెళ్తే ఒక్కొక్కరికీ ఒక పని అప్పజెప్పండి. ఒక రైతు ఒప్పుకుంటే ఆయన పట్టీ (సరుకు అమ్మిన లెక్క చీటీ) తీసుకుని, తేజ రకం మిర్చి ఎన్ని టిక్కీలు (బస్తాలు) తెచ్చారు, క్వింటాలు ఏ ధరకు పోయింది, కమీషన్ ఎంత, హమాలీ ఎంత, చివరికి చేతికి ఎంత వచ్చిందో లైను లైనుగా రాయమనండి. వ్యాపారి గుప్పెడు కాయలు తీసి నలిపి, రంగు, తేమ చూసి ధర చెప్పడం కూడా దగ్గర నిలబడి చూడాలి. క్లాసులో డెబిట్, క్రెడిట్ రాని పిల్లలు ఆ పట్టీ దగ్గర ప్రశ్నలు మొదలెడతారు. సీజన్ వేసవి నెలల్లోనే, యార్డుకు వేసవి సెలవులు ఇచ్చేలోపు వెళ్లిపోవాలి.

జవాబు (ఆడిటర్)

డబ్బు సంగతి నేను చెప్తాను. ఏ లెక్చరర్ సొంత ఖాతాలోనూ వేయొద్దు, ఎంత మంచివారైనా సరే. ప్రభుత్వ కాలేజీల్లో సీపీడీసీ అని అభివృద్ధి కమిటీ ఉంటుంది. దాని ఖాతాలో వేసి, ఈ డబ్బు ఇంటర్న్‌షిప్ ఖర్చులకే అని తీర్మానం రాయించుకోండి. లేదంటే రిజిస్టరైన పూర్వ విద్యార్థుల సంఘం ఉంటే దాని ద్వారా ఇవ్వండి.

అందరూ 80జి అని పిలిచే మినహాయింపు కావాలంటే డబ్బు తీసుకునే సంస్థకు ఆ అనుమతి ఉండాలి. ముందు ఆ పత్రం చూపించమనండి. రూ. 2,000 దాటి నగదుగా ఇస్తే మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి అసలు లేదు, కాబట్టి మీ బ్యాచ్‌లో సగంమందికి ఈ ప్రశ్నే అక్కర్లేకపోవచ్చు.

అమెరికా మిత్రుల విషయంలో చూడాల్సింది పాస్‌పోర్టు. ఇంకా భారత పాస్‌పోర్టే ఉంటే సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపొచ్చు. దాన్ని విదేశీ విరాళంగా లెక్కించరు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారైతే, భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. తీసుకునే సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ముందు ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాకే రావాలి.

ప్రశ్న అడిగినవారు

థాంక్యూ సార్. ఒకడికి అక్కడి పౌరసత్వం వచ్చేసింది. వాడు నా ఖాతాకు పంపితే నేను నా పేరు మీద కట్టేస్తే?

ఆడిటర్

వద్దండీ. డబ్బు మీ ఖాతా మీదుగా వచ్చినంత మాత్రాన దాని మూలం మారదు. రేపు తనిఖీ వస్తే ఇబ్బందిపడేది కాలేజీ. ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న ట్రస్టుకు ఇచ్చి, అక్కడి నుంచి మీ సంఘానికి మళ్లిద్దామన్నా 2020 సవరణ తర్వాత కుదరదు. ఆ ట్రస్టే స్వయంగా పిల్లల కోసం ఖర్చుపెడితే సరే. లేకపోతే ఆయన్ను వారానికో గంట పిల్లలతో వీడియోలో కూర్చుని వాళ్ల రిపోర్టులు చూడమనండి. దానికి ఏ అనుమతీ అక్కర్లేదు.

జవాబు (కోల్డ్ స్టోరేజీ నడుపుతున్నాను)

సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద డబ్బు ఇమ్మని మాలాంటివాళ్లను అడుగుతుంటారు. ఆ నిబంధన 500 కోట్ల నికర విలువో, 1000 కోట్ల టర్నోవరో, 5 కోట్ల నికర లాభమో ఉన్న కంపెనీలకు. మాలాంటి చిన్న వ్యాపారులను చెక్కు బదులు ఇంటర్న్‌షిప్ సీటు అడగండి అన్నా. మా దగ్గర ఇద్దరిని పెట్టుకోగలను. టిక్కీల లెక్క, అద్దె బిల్లులు, సరుకు మీద బ్యాంకు రుణం కాగితాలు, అన్నీ చూపిస్తాను. మధ్యాహ్నం భోజనం మాదే. హాస్టల్ ఖర్చు మాత్రం మీరు చూసుకోండి.

కామర్స్ లెక్చరర్

అన్నా, మీలాంటివాళ్లు ఇంకో ఐదుగురు దొరికితే మా సగం టెన్షన్ తీరిపోతుంది. అడిగినవారికి ఇంకో రెండు మాటలు. పిల్లల్ని మార్కులు చూసి ఎంపిక చేయకండి, బయట ఉండే స్తోమత లేనివాళ్లకు ముందు ఇవ్వండి. సాయం తీసుకున్నవాళ్లను స్టేజీ ఎక్కించి చెక్కుతో ఫోటో తీయొద్దు, ఆ వయసులో అది చాలా గుచ్చుకుంటుంది. డబ్బు ఏ నెలకానెల మొదటి వారంలోనే పడాలి. బిల్లులు పెట్టాక ఇస్తామంటే అప్పుచేసి రావాల్సింది వాళ్ల నాన్నే.

ప్రశ్న అడిగినవారు

ప్రొజెక్టర్ మాట పక్కన పెట్టించాను మేడమ్. సోమవారం ప్రిన్సిపాల్ గారిని కలిసి సీపీడీసీ తీర్మానం గురించి అడుగుతున్నాం. కోల్డ్ స్టోరేజీ అన్నా, మీ నంబరు మెసేజ్‌లో పెట్టండి.