మధ్యలో ఆపేసిన సీరియల్ మళ్ళీ రావాలంటే ఎవరిని అడగాలి, ఎట్లా అడగాలి?

కావలి నుంచి, ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా ఇంట్లోనే కాదు, మా వీధిలో సగం ఇళ్ళలో రాత్రి ఏడున్నరకి చూసే సీరియల్ ఒకటి పోయిన నెల ఉన్నట్టుండి ఆపేశారు. పేరు రాస్తే ఈ ఛానల్ వాళ్ళు, ఆ ఛానల్ వాళ్ళు అని గొడవ మొదలై అసలు సంగతి పక్కకు పోతుంది, అందుకని రాయడం లేదు. మొగుడు పోయిన ఒకామె అత్తగారిని చూసుకుంటూ పచ్చళ్ళ వ్యాపారం పెట్టుకుంటుంది, మరిది భూమి మీద కేసు వేస్తాడు. కథ కొత్తదేం కాకపోవచ్చు, కానీ ఆమె మన మాట మాట్లాడుతుంది. "ఏందత్తా, అన్నం తినకుండా పడుకుండావు" అని ఆమె అంటుంటే మా అమ్మ ఇక్కడి నుంచి జవాబు చెప్పేది. మేం చూసినంతలో టీవీలో మన యాస ఎప్పుడూ నవ్వించే పాత్రకే ఇస్తారు. ఇందులో ఇల్లు నిలబెట్టే మనిషికి ఇచ్చారు. మా బాధంతా అక్కడే ఉంది.

ఆపిన పద్ధతి ఇంకా అన్యాయం. అత్తగారు ఆసుపత్రిలో ఉంది, కేసు తీర్పు రావాలి, ఆడపడుచు అసలు నిజం చెప్పబోతోంది, అంతలో శుక్రవారం ఎపిసోడ్‌లో "కొన్నేళ్ళ తర్వాత" అని వేసి, కేసు గెలిచామని ఒక్క డైలాగుతో చెప్పించి, అందరినీ వరసగా నిలబెట్టి శుభం కార్డు వేసేశారు. సోమవారం నుంచి ఆ టైమ్‌లో ఒక డబ్బింగ్ సీరియల్ వస్తోంది.

మేం వాట్సాప్ గ్రూప్ పెట్టాం, కావలి, బిట్రగుంట, అల్లూరు, కోవూరు ఆడవాళ్ళు చాలామంది చేరారు, నెల్లూరులో మా పిన్ని కూతురు ఇన్‌స్టాలో పేజీ చేసింది, ఆన్‌లైన్‌లో సంతకాలు కూడా పెట్టిస్తున్నాం. ఇక్కడి నుంచి ఏం చేయాలో తెలియడం లేదు. ఒకరు హైదరాబాద్ వెళ్ళి ఆఫీసు ముందు కూర్చుందాం అంటారు, ఒకరు కేంద్ర ప్రభుత్వానికి ఫిర్యాదు చేద్దాం అంటారు. ఇంతకు ముందు ఎక్కడైనా జనం అడిగితే ఆగిపోయిన సీరియల్ మళ్ళీ వచ్చిందా? తెలిసిన వాళ్ళు దయచేసి చెప్పండి.

ఒంగోలు నుంచి, కేబుల్ పని చేసే అన్న:

చెల్లెమ్మా, సీరియల్ ఆగితే మొదటి ఫోన్లు మాకే వస్తాయి, కాబట్టి మీ బాధ నాకు తెలుసు. ముందు ఛానల్ దేన్ని చూసి ఆపుతుందో అర్థం చేసుకోండి. మీ వీధిలో ఎంతమంది చూశారో వాళ్ళకు కనిపించదు. బార్క్ అనే సంస్థ దేశమంతా కొన్ని వేల ఇళ్ళు ఎంచుకుని టీవీకి ఒక మీటర్ పెడుతుంది. ఛానల్ శబ్దంలో మన చెవికి వినపడని గుర్తు ఒకటి కలిపి పంపుతారు, ఆ మీటర్ దాన్ని పట్టుకుని ఏ ఛానల్ నడుస్తోందో రాసుకుంటుంది, ఇంట్లో ఎవరు చూస్తున్నారో వాళ్ళు రిమోట్ మీద తమ బటన్ నొక్కాలి. ఆ లెక్కతో గురువారం రేటింగ్ వస్తుంది, దాన్ని చూసే కంపెనీలు యాడ్‌కి డబ్బులు పెడతాయి. మీ గ్రూప్‌లో ఉన్న వాళ్ళ ఇళ్ళలో ఒక్క మీటర్ కూడా లేకపోతే, మీరు రోజూ వదలకుండా చూసినా ఆ లెక్కలో ఒక్క అంకె కదలదు. అలాగని ఆ ఇళ్ళు ఎక్కడున్నాయని వెతకొద్దు, అవి రహస్యంగా ఉంచుతారు, 2020లో ముంబైలో ఆ ఇళ్ళకు డబ్బులిచ్చి రేటింగ్ పెంచారనే ఆరోపణ మీద పోలీసు కేసే నడిచింది.

అదే ఛానల్ యాప్‌లో చూస్తే మాత్రం ప్రతి ఒక్కరూ లెక్కలోకి వస్తారు. పాత ఎపిసోడ్లు యాప్‌లో ఇంకా ఉంటే మీ గ్రూప్ మొత్తం అక్కడ చూడండి, మొదటి ఎపిసోడ్ నుంచి చూడండి. టెలిగ్రామ్‌లో ఎవరో పెట్టిన కాపీ చూస్తే ఛానల్‌కి తెలియదు, మీకూ ఉపయోగం లేదు.

ఇంకో మాట, ప్రభుత్వానికి ఫిర్యాదు అన్నారు కదా, దాని వల్ల పని కాదు. ఛానళ్ళ మీద ఫిర్యాదులు తీసుకునే మండలి ఉంది, బీసీసీసీ అంటారు, కానీ అది అభ్యంతరకరమైన దృశ్యాల గురించి. సీరియల్ ఆపడం వాళ్ళ వ్యాపార నిర్ణయం, దాన్ని ఎవరూ ప్రశ్నించలేరు.

నెల్లూరు, మాగుంట లేఅవుట్ నుంచి:

అక్కా, అమెరికాలో ఇలాంటివి చాలా జరిగాయి, వాటిలో గెలిచినవీ ఉన్నాయి, గెలిచి మళ్ళీ ఓడినవీ ఉన్నాయి. రెండూ తెలుసుకుంటే మంచిది.

1960ల చివర్లో స్టార్ ట్రెక్‌ను ఎన్‌బీసీ ఆపేస్తుందని వార్త రాగానే బిజో ట్రింబుల్, జాన్ ట్రింబుల్ అనే భార్యాభర్తలు అభిమానులందరితో ఉత్తరాలు రాయించారు. అప్పుడు ఇంటర్నెట్ లేదు, పోస్టే. 1968 మార్చిలో ఒక ఎపిసోడ్ అయిపోగానే సీరియల్ కొనసాగుతుందని ఛానల్ వాళ్ళే టీవీలో ప్రకటించారు. కానీ మూడో సీజన్‌ని శుక్రవారం రాత్రి పదింటికి తోసేశారు, చూడాల్సిన కుర్రవాళ్ళంతా బయట తిరిగే టైమ్ అది, 1969లో ఆగిపోయింది. అయినా ఆ మూడో సీజన్‌తో మొత్తం 79 ఎపిసోడ్లు అయ్యాయి కాబట్టి ఊరూరా లోకల్ స్టేషన్లు రోజూ మళ్ళీ మళ్ళీ వేసుకోగలిగాయి, దాంతోనే కొత్త తరం అభిమానులు పుట్టి 1979లో సినిమా దాకా వెళ్ళింది. ఆ ఉత్తరాలు తెచ్చింది ఒక్క సీజనే, మిగతాదంతా దాని వెనకే నడిచొచ్చింది.

2007లో జెరికో అనే సీరియల్‌ని సీబీఎస్ ఆపేస్తే, చివరి ఎపిసోడ్‌లో వచ్చే "నట్స్" అనే డైలాగ్ పట్టుకుని అభిమానులు ఆ ఆఫీసులకి 20 టన్నులకు పైగా శెనక్కాయలు పంపించారు. ఛానల్ దిగొచ్చింది, ఏడు ఎపిసోడ్లు ఇచ్చింది, శెనక్కాయలు ఇంక పంపొద్దని కూడా కోరింది. టీవీలో వచ్చే టైమ్‌కే చూడండి, కొత్తవాళ్ళను తీసుకురండి అని అడిగింది. రేటింగ్ పెరగలేదు, 2008లో మళ్ళీ పోయింది.

నాకు అన్నిటికంటే తెలివైన పని అనిపించింది చక్ అనే సీరియల్ వాళ్ళది. 2009లో అది ఆగిపోతుందేమో అన్న భయం రాగానే, అందులో యాడ్ ఇచ్చే సబ్‌వే హోటళ్ళకు వెళ్ళి అభిమానులు శాండ్‌విచ్‌లు కొన్నారు, ఈ సీరియల్ చూసి వచ్చాం అని సలహాల పెట్టెలో చీటీలు వేశారు. సబ్‌వే కంపెనీ పెద్ద స్పాన్సర్‌గా ముందుకొచ్చింది, సీరియల్ నిలబడింది. ఛానల్‌ని బతిమాలకుండా, ఛానల్‌కి డబ్బులిచ్చే వాడి దగ్గరికే వెళ్ళారు చూడండి! మీ సీరియల్‌కి యాడ్ ఇచ్చిన మసాలా కంపెనీయో, సబ్బు కంపెనీయో ఏదో ఉంటుంది కదా. మీ గ్రూప్‌లో ఎవరికైనా గుర్తుందా?

బ్రూక్లిన్ నైన్-నైన్ కథ కూడా చాలామంది చెప్తారు, 2018 మేలో ఫాక్స్ ఆపేసిన మర్నాడే ఎన్‌బీసీ తీసుకుంది. అభిమానుల గోల గట్టిగానే వినపడింది, నిజమే, కానీ ఆ సీరియల్ తీసే స్టూడియో ఎన్‌బీసీ వాళ్ళ సొంత కుటుంబంలోదే. అందుకని మీ సీరియల్ హక్కులు ఎవరి దగ్గర ఉన్నాయో ముందు కనుక్కోండి.

దర్శి నుంచి, రిటైర్డ్ మాస్టారు:

అమ్మాయీ, అమెరికా దాకా ఎందుకు, మన దేశంలోనే జరిగింది. 1988లో దూరదర్శన్ రామాయణం ఉత్తరకాండ లేకుండా ముగిసిపోతుందని తెలిసి జలంధర్‌లో పారిశుధ్య కార్మికులు సమ్మె చేశారు. వాళ్ళు వాల్మీకిని తమ వాడిగా కొలుచుకునే వాళ్ళు, వాల్మీకి ఆశ్రమంలో లవకుశులు పెరిగే భాగమే తీయకపోతే ఎలా అని అడిగారు. సమ్మె వేరే ఊళ్ళకూ పాకింది, చివరికి ప్రభుత్వం ఒప్పుకుని ఆ భాగం తీయించింది. వాళ్ళు అడిగిన దాంట్లో వాళ్ళ గౌరవం ఉంది, అందుకే అంత బలం వచ్చింది. నీ ప్రశ్నలో యాస గురించి రాసిన ముక్క చదివినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. మీ ఉత్తరాల్లో దాన్నే ముందు పెట్టండి. "మాకు సీరియల్ ఇష్టం" అని ప్రతివాళ్ళూ రాస్తారు, "మా మాట మర్యాదగా వినిపించిన సీరియల్ ఇది" అని మీరే రాయగలరు.

తెలుగులో కార్తీక దీపం సంగతి మీ అందరికీ తెలిసిందే. 2022లో డాక్టర్ బాబునీ వంటలక్కనూ ప్రమాదంలో పోయినట్టు చూపించి కథను పిల్లల తరానికి మార్చారు, జనం ఒప్పుకోలేదు, రేటింగ్ పడింది, కొన్ని నెలలకే ఇద్దరినీ వెనక్కి తెచ్చారు. 2023 జనవరిలో ముగించి, 2024 మార్చిలో మళ్ళీ నవవసంతం అని మొదలుపెట్టారు. జనం మాట చెవిన పడదు అనుకోవద్దు, పడుతుంది.

సంతకాల గురించి ఒక్కటి. ఒకే కాగితం కింద వంద సంతకాలుంటే చదివేవాడికి అది ఒక్క కాగితమే. వంద మంది తలా ఒక పోస్టుకార్డు రాస్తే వంద మంది మనుషులు కనపడతారు. కార్డుకి పెద్ద ఖర్చు కూడా కాదు. దూరదర్శన్‌లో ప్రేక్షకుల ఉత్తరాలు చదివే ప్రతిస్పందన కార్యక్రమానికి మేము రాసేవాళ్ళం, పేరు చదివినా చదవకపోయినా రాసేవాళ్ళం.

ఊరి పేరు రాయని ఒకరు:

రోడ్లు బాగాలేవని, నీళ్ళు రావడం లేదని ఇంత మంది ఒక్కటై ఎప్పుడైనా ఉత్తరాలు రాశారా? సీరియల్ కోసం ఇంత హడావుడి అవసరమా?

బుచ్చి నుంచి, హైదరాబాద్‌లో సీరియళ్ళకు పనిచేసినామె:

పైన అడిగిన వారికి: మా బుచ్చిలో మంచినీళ్ళ కోసం బిందెలతో రోడ్డు మీద కూర్చున్నది కూడా ఈ సీరియళ్ళు చూసే ఆడవాళ్ళే. ఇది చేసేవాళ్ళు అది చేయరని మీరెలా అనుకున్నారు?

ఇప్పుడు అసలు విషయం. నేను కొన్నేళ్ళు ఎడిటింగ్ దగ్గర పనిచేశాను, లోపలి సంగతి చెప్తాను. డైలీ సీరియల్ ఆగిన రోజే ఆ ఇంటి సెట్ వేరే వాళ్ళకు అద్దెకు పోతుంది. నటులు నెలకు ఇన్ని రోజులని డేట్స్ ఇస్తారు, ఆగిందని తెలియగానే ఇంకో సీరియల్ ఒప్పుకుంటారు, ఒప్పుకోకపోతే ఇల్లు గడవదు. కాబట్టి "మళ్ళీ అదే టైమ్‌కి, అదే మనుషులతో, రోజూ వేయండి" అని అడిగితే ఛానల్‌లో మంచి మనసున్న వాళ్ళు కూడా చేయలేరు. మీ కోరిక చిన్నది చేసుకోండి. సరైన ముగింపు అడగండి, ఒక ఆదివారం రెండు గంటల ఎపిసోడో, యాప్‌లో కొన్ని ఎపిసోడ్లో. అమెరికాలో సెన్స్8ని 2017లో నెట్‌ఫ్లిక్స్ ఆపేసినప్పుడు అభిమానులు పోరితే మరుసటి ఏడాది రెండున్నర గంటల ముగింపు ఒకటి ఇచ్చింది. సీజన్ రాలేదు, కానీ కథ తెగిపోయి మిగల్లేదు. పది రోజుల షూటింగ్ అంటే ఎవరైనా ఆలోచిస్తారు, ఇంకో ఏడాది అంటే ఆ ఉత్తరం పక్కన పెట్టేస్తారు.

హక్కుల సంగతి: చాలా సీరియళ్ళకు డబ్బు పెట్టేది ఛానలే, హక్కులూ వాళ్ళవే, నిర్మాత తీసుకెళ్ళి ఇంకో చోట వేసుకోలేడు. మీ సీరియల్ ఏ రకమో టైటిల్స్ చివర చూస్తే కొంత తెలుస్తుంది. అమృతం చూడండి, 2001 నుంచి 2007 దాకా వచ్చి ఆగింది, యూట్యూబ్‌లో పాత ఎపిసోడ్లు అప్పుడు పుట్టని పిల్లలు కూడా చూశారు, 2020 ఉగాదికి అమృతం ద్వితీయం అని జీ5లో వచ్చింది. పదమూడేళ్ళు పట్టింది. చూసేవాళ్ళు ఉన్నారని ఆ ఎపిసోడ్లే చూపించాయి.

ఇంకొకటి, గట్టిగా చెప్తున్నాను. ఆ డబ్బింగ్ సీరియల్‌లో నటించే వాళ్ళ పేజీల కింద, దానికి గొంతిచ్చిన వాళ్ళ పేజీల కింద తిట్లు రాయొద్దు. వాళ్ళేం చేశారు? మీ హీరోయిన్‌ని కూడా "ఎందుకు మానేశావు" అని వెంటపడొద్దు. ఆమె నోరు విప్పి ఛానల్ గురించి ఒక్క మాటంటే తర్వాతి పని పోతుంది. మీ ప్రచారం చూసి ఛానల్ వాళ్ళు ఆమెను మళ్ళీ పిలవాలనుకోవాలి గానీ, ఈమెతో పెట్టుకుంటే తలనొప్పి అనుకోకూడదు.

కావలి నుంచి, ప్రశ్న అడిగినామె:

అందరికీ చాలా థ్యాంక్స్. బుచ్చి అక్కా, మీరు చెప్పింది చదివాక మా గ్రూప్‌లో రాత్రంతా గొడవే. మళ్ళీ రోజూ రావాల్సిందే అని సగం మంది పట్టుబట్టారు, మా అమ్మ మాత్రం "తీర్పు ఏమైందో, ఆ పిల్ల ఏం చెప్పిందో చూపిస్తే చాలు" అంది, చివరికి అందరూ దానికే ఒప్పుకున్నారు. ముగింపు ఎపిసోడ్ మాత్రమే అడుగుతాం. హైదరాబాద్ వెళ్ళి కూర్చోవడం మానుకున్నాం. తిట్లు రాసిన ఇద్దరు కుర్రవాళ్ళతో మా పిన్ని కూతురు మాట్లాడి అవి తీయించింది.

నెల్లూరు తమ్ముడూ, స్పాన్సర్ గుర్తుంది, ఒక కారం పొడి కంపెనీ, ఇక్కడ ప్రతి కొట్లో దొరుకుతుంది. ఖాళీ ప్యాకెట్ కత్తిరించి దాని వెనక రెండు ముక్కలు రాసి కంపెనీకి పంపుదామని అనుకుంటున్నాం. పచ్చళ్ళు పెట్టే ఆమె కథ కదా, కారం కంపెనీకి ఇంతకంటే ఏం కావాలి అని మా గ్రూప్‌లో ఒకామె అంది, నాకు చాలా నచ్చింది. మాస్టారూ, కార్డుల మీద యాస గురించే రాయిస్తాం, మీరు చెప్పినట్టు ఎవరి మాట వాళ్ళే రాస్తారు. రాయడం రాని పెద్దవాళ్ళు కూడా ఉన్నారు మాకు, వాళ్ళు చెప్తే పిల్లలు రాయొచ్చా, లేకపోతే అన్నీ ఒకే చేతిరాతలా కనిపించి అనుమానం వస్తుందా?

దర్శి మాస్టారు:

రాయించమ్మా. కింద "ఫలానా ఆమె చెప్పగా మనవరాలు రాసినది" అని వేయించు, వేలిముద్ర అక్కర్లేదు. ఒక పిల్ల ఐదారు కార్డులకు మించి రాయకుండా చూడు. అన్నీ ఒకే రోజు పోస్టు చేయొద్దు, కొన్ని కావలిలో, కొన్ని బిట్రగుంటలో, కొన్ని అల్లూరులో డబ్బాలో వేయండి, ముద్రలు వేర్వేరు ఊళ్ళవి పడతాయి. దర్శి నుంచి నాదీ ఒకటి వేస్తాను, ఛానల్ ఆఫీసు అడ్రస్ ఇక్కడ పెట్టు.