నాన్నగారి బుల్లెట్, మెడల్స్: సంవత్సరీకానికి ఎలా సిద్ధం చేయాలి?

ప్రశ్న
మా నాన్నగారు ఈఎంఈలో (సైన్యంలో బళ్లు, యంత్రాలు బాగుచేసే విభాగం) వెహికల్ మెకానిక్‌గా చేరి హవల్దార్‌గా రిటైరయ్యారు. 1971 యుద్ధంలో ఉన్నారు. ఊళ్లో ఎవరి బండి మొరాయించినా ఆయన దగ్గరికే తోసుకొచ్చేవాళ్లు. ఆయన మంచాన పడ్డప్పటి నుంచి ఆయన కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350 (స్పార్క్‌ని తెరుచుకుని మూసుకునే పాయింట్లు ఇచ్చే పాత మోడల్) షెడ్డులోనే ఉంది. వచ్చే నెల సంవత్సరీకం. ఆ రోజుకి బండి స్టార్ట్ చేయాలి, దానికి ఆర్మీ గ్రీన్ వేయించాలి, మెడల్స్ పాలిష్ చేసి ఫ్రేము కట్టించాలి, ఆయన జీవితం మీద ఒక పేజీ రాసి బంధువులకు పంచాలి అనుకుంటున్నాం. ఆర్సీ ఇంకా ఆయన పేరు మీదే ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

కాస్ట్ ఐరన్ మిత్రుడు
నాన్నగారికి సెల్యూట్. ముందు ఒక్క కిక్కు కూడా కొట్టకండి. ఈ ఇంజన్‌లో ఆయిల్ ట్యాంకు క్రాంక్‌కేసులోనే (ఇంజన్ కింది పెట్టె) ఒక అర. బండి ఏళ్ల తరబడి నిలిచిపోతే ఆయిల్ పంపు సందుల్లోంచి క్రాంకు వైపు దిగిపోతుంది. అలాగే స్టార్ట్ చేస్తే బ్రీదర్ పైపు ఆయిల్ కక్కుతుంది, సైలెన్సర్ నిండా పొగ. కింది డ్రెయిన్ బోల్టులు రెండూ విప్పి పాత ఆయిల్ మొత్తం వంపేయండి. టైమింగ్ కవర్‌లోని ఫెల్ట్ ఫిల్టర్ మార్చి, 20డబ్ల్యూ50 గ్రేడు ఇంజన్ ఆయిల్ రెండు లీటర్లు పోయండి, మిగతాది డిప్‌స్టిక్ చూస్తూ.

ప్లగ్ తీసి సిలిండర్‌లో రెండు చెంచాల ఆయిల్ వేసి రాత్రంతా వదిలేయండి, రింగులు పట్టేసి ఉంటే వదులవుతాయి. తర్వాత ప్లగ్ లేకుండానే మెల్లగా కిక్కు తొక్కుతూ, హెడ్ దగ్గర రాకర్ ఆయిల్ పైపు బోల్టు కాస్త వదులు చేసి చూడండి. అక్కడ ఆయిల్ ఊరాలి. ఊరకముందే స్టార్ట్ చేస్తే బిగ్ ఎండ్ బుష్ (కనెక్టింగ్ రాడ్ క్రాంకుకి తగిలే చోటి బుష్) పోతుంది, ఇంజన్ మొత్తం విప్పాల్సి వస్తుంది.

పాత పెట్రోలు పారబోయండి. వీఎం24 కార్బురేటర్‌లో పైలట్ జెట్ (పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రం) జిగురు పట్టి మూసుకుపోయి ఉంటుంది. గుండుసూది పెట్టి పొడవకండి, రంధ్రం పెద్దదైపోతుంది. రాగి తీగ పోగు, గాలి చాలు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) కాబట్టి పెట్రోలు పైపు, ట్యాప్ రబ్బర్లు కొత్తవి వేయండి. పాత రబ్బరు ఉబ్బి కారుతుంది.

ఆర్టీఓ పనులు తెలిసినవాణ్ని
ఆర్మీ గ్రీన్ మాట మరిచిపోండి. కేంద్ర మోటారు వాహన నియమాల్లో 121 ప్రకారం ఆలివ్ గ్రీన్ రక్షణ శాఖ బళ్లకే. గౌరవంగా వేయించినా రోడ్డు మీద ఆపితే తప్పు మీదే. ఆయన వాడిన రంగే ఉంచండి.

యజమాని పోయిన 30 రోజుల్లో ఆర్టీఓకి తెలపాలి, మూడు నెలల్లో ఫారం 31తో పేరు మార్పుకి దరఖాస్తు చేయాలి. మీకు గడువు దాటింది కాబట్టి ఆలస్య రుసుము అడగొచ్చు. మరణ ధ్రువపత్రం, ఆర్సీ, ఇన్సూరెన్స్, మిగతా వారసుల సమ్మతి పెట్టుకోండి. ఆర్సీకి 15 ఏళ్లు దాటితే రెన్యువల్‌కి ఫారం 25 కూడా. ఆయన పేరున ఉన్న పాలసీ మరణం తర్వాత మూడు నెలలకి మించి చెల్లదు. అందాకా బండి గేటు దాటించొద్దు.

రిబ్బను
మెడల్స్‌కి పాలిష్ అస్సలు పెట్టకండి. గుండ్రటి మెడల్ అంచు తిప్పి చూడండి, సర్వీసు నంబరు, ర్యాంకు, పేరు చిన్న అక్షరాల్లో కొట్టి ఉంటాయి. పాలిష్‌కి మొదట అరిగేది అవే. పొడి నూలు గుడ్డతో తుడిస్తే చాలు. రిబ్బను వెలిసిపోతే కొత్తది కట్టించండి, పాతది మాత్రం పారేయకండి.

మీరు రాసే పేజీకి ఆధారాలు కూడా అక్కడే ఉన్నాయి. పశ్చిమీ స్టార్ ఉంటే 1971లో పడమటి రంగం, పూర్వీ స్టార్ ఉంటే తూర్పు. చేరిన తేదీ, ట్రేడు, ప్రమోషన్లు డిశ్చార్జ్ బుక్‌లో (రిటైరయ్యేటప్పుడు సైన్యం ఇచ్చే పుస్తకం) దొరుకుతాయి. అది కనపడకపోతే అమ్మగారి పేరుతో, సర్వీసు నంబరు వేసి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా ఈఎంఈ రికార్డ్స్‌కి రాయండి. ఆ ఆఫీసు సికింద్రాబాద్‌లోనే. ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వొద్దు, అటెస్టెడ్ జిరాక్స్ ఇవ్వండి. బంధువులు తలా ఒక ఊరి పేరు చెబుతారు, బుక్‌లో ఉన్నదే రాయండి.

ప్రశ్న అడిగినవారు
రంగు, పాలిష్ రెండూ మానేశాం. రాకర్ దగ్గర ఆయిల్ వచ్చింది. కీ ఆన్ చేసి కిక్కు తిప్పితే ఆమీటర్ (కరెంటు చూపే మీటరు) ముల్లు మాత్రం కదలట్లేదు.

కాస్ట్ ఐరన్ మిత్రుడు
హారన్ నొక్కండి. ముల్లు మైనస్ వైపు వాలితే బ్యాటరీ బాగున్నట్టే, లోపం పాయింట్లలో ఉండొచ్చు. నిలవ ఉండి పైన పొర కట్టి ఉంటుంది. నున్నటి ఎమరీ పేపరు ఒక్కసారి లాగి, పెట్రోలు గుడ్డతో తుడిచి, పూర్తిగా తెరుచుకున్నప్పుడు గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. పెట్టండి. హారన్‌కీ కదలకపోతే ఫ్యూజు, బ్యాటరీ టెర్మినళ్లు చూడండి.

ముల్లు ఆడటం మొదలయ్యాక ప్లగ్ బిగించండి. కిక్కు మెల్లగా నొక్కుతూ గట్టిగా అడ్డం తగిలి, ముల్లు మధ్యకి వచ్చిన చోట ఆగండి. డీకంప్రెషర్ (సిలిండర్‌లో ఒత్తిడి వదిలే లివర్) లాగి ఇంకో అంగుళం కిందికి నొక్కి, లివర్ వదిలి, కిక్కర్‌ని పూర్తిగా పైకి రానిచ్చి అప్పుడు ఒకే తొక్కు తొక్కండి. వెనక్కి తన్నితే టైమింగ్ (స్పార్క్ పడే సమయం) ముందుకి జరిగిపోయిందని అర్థం. పిస్టన్ పైకి చేరడానికి 0.8 మి.మీ. ముందు పాయింట్లు తెరుచుకోవాలి. అది సరిచేయకుండా మళ్లీ తొక్కకండి, మడమ విరుగుతుంది.