భూకంపానికి తట్టుకునేలా పార్కింగ్ స్తంభాలు బలపరుద్దామంటే ఓనర్లు కదలట్లేదు, ఎలా ఒప్పించాలి?

తిరుపతిలో తిరుచానూరు రోడ్డు వైపు మాది పాత అపార్ట్‌మెంట్. కింద మొత్తం పార్కింగే, గోడల్లేవు. పైన నాలుగు అంతస్తుల బరువూ ఆ స్తంభాల మీదే. 2001 భుజ్ భూకంపానికి, 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో కూడా ఇలాంటి బిల్డింగులు కూలాయి. పైన గోడలు బిగుతుగా పట్టి ఉంచుతాయి కాబట్టి ఊపంతా కింది స్తంభాల మీద పడుతుందట.

మీటింగులో ఈ మాటెత్తితే "ఏడుకొండలవాడి పాదాల దగ్గరున్నాం, మనకేమవుతుంది సార్" అంటారు. స్వామి మీద నాకూ భక్తే, మా బిల్డర్ మీదే లేదు. 1993లో పెద్ద భూకంపం వచ్చేదాకా మహారాష్ట్రలోని లాతూరునూ ప్రమాదం తక్కువ ఉన్న ప్రాంతంగానే లెక్కేసేవారు కదా. సగం మంది ఓనర్లు బెంగళూరులో ఉంటారు, అద్దె పడితే చాలు.

స్తంభాలకు జాకెటింగ్ (చుట్టూ ఇనుముతో అదనపు కాంక్రీటు పొర వేయడం లాంటివి), అక్కడక్కడ కాంక్రీటు గోడలు లాంటి పద్ధతులు ఐఎస్ 15988లో (పాత కాంక్రీటు భవనాలను భూకంపానికి తట్టుకునేలా బలపరచడంపై ఉన్న భారత ప్రమాణం) ఉన్నాయి. మీ అపార్ట్‌మెంట్‌లో ఎవరైనా చేయించారా? ఖర్చు ఫ్లాటుకింత అని పంచారా, చదరపు అడుగుల లెక్కనా? ముందు కాంక్రీటు పరీక్ష రిపోర్టు చూపిస్తే జనం దారికొస్తారా, లేక టెన్షన్‌తో ఫ్లాట్లు అమ్మకానికి పెడతారా? తిరుపతి, చిత్తూరుల్లో ఈ పని తెలిసిన స్ట్రక్చరల్ ఇంజనీరును ఎలా వెతకాలో కూడా చెప్పండి.