స్పాట్ క్లస్టర్‌లో పెట్టాలా, మన గ్రూపు చాలా?

మేడమీద_డైపోల్ (ఎంవీపీ కాలనీ): దూరపు స్టేషన్ వినబడితే మన వైజాగ్ హామ్‌ల (అమెచ్యూర్ రేడియో వాళ్ల) వాట్సాప్ గ్రూపులో చెప్తున్నాం కదా. ఆ కబురే స్పాట్. దాన్ని డిఎక్స్ క్లస్టర్‌లో, అంటే ఎవరు ఏ స్టేషన్ విన్నారో ప్రపంచమంతా చూసే ఆన్‌లైన్ బోర్డులో కూడా పెట్టి తీరాలని నిన్న ఇద్దరు పట్టుబట్టారు. నన్నడిగితే గ్రూపు చాలు. యూరప్‌లో ఎవరో విన్నది క్లస్టర్‌లో చూసి రిగ్ (రేడియో సెట్) తిప్పితే ఇక్కడ ఉత్త హోరే.

కీయర్_గాజువాక: మీరు ఫిల్టర్ పెట్టుకోకపోతే క్లస్టర్ ఏం చేస్తుంది? డిఎక్స్ స్పైడర్ నోడ్‌లో (ఆ సాఫ్ట్‌వేర్‌తో క్లస్టర్ నడిపే సర్వర్‌లో) లాగిన్ అయ్యాక 'యాక్సెప్ట్/స్పాట్స్ బై_జోన్ 22' కొట్టండి. హామ్‌లు ప్రపంచాన్ని విడగొట్టుకున్న సీక్యూ జోన్లలో మనది 22 కాబట్టి ఇండియా, శ్రీలంక, నేపాల్ వాళ్లు విన్నవే వస్తాయి. అండమాన్ మాత్రం 26లో ఉంది. '22,26' అనివ్వండి, థాయ్‌లాండ్ కూడా వెంట వస్తుంది, ఫర్వాలేదు. ఇక మన గ్రూపు సంగతి: "20లో విపి8 వస్తున్నాడు, త్వరగా". 20 మీటర్ల బ్యాండ్‌లో ఫాక్‌లాండ్స్ వైపు స్టేషన్ అని తప్ప ఫ్రీక్వెన్సీ లేదు, మోడ్ (మోర్సా, మాటా) లేదు, స్ప్లిట్ (పంపేదొకచోట, వినేదొకచోట) లేదు. 350 కిలోహెర్ట్జ్ గాలించేలోపు వాడు పోతాడు.

73_పెందుర్తి: టైమ్ కూడా ఉండదు.

మేడమీద_డైపోల్: టైమ్ వాట్సాపే వేస్తుంది కదండీ.

కీయర్_గాజువాక: అది మన టైమ్. లాగ్‌కి (కాంటాక్ట్‌ల రికార్డుకి) యూటీసీ, అంటే గ్రీన్‌విచ్ టైమ్ కావాలి. రాత్రి 8 అంటే 1430. తెల్లవారుజామున 5:30 లోపైతే తేదీ కూడా ఒకరోజు వెనక్కి.

మేడమీద_డైపోల్: అయిదున్నర తీసెయ్యడం రానివాడికి లైసెన్స్ ఎవరిచ్చారు మాస్టారూ?

కొత్త_లైసెన్స్: క్లస్టర్‌లో స్పాట్ ఎలా పెట్టాలి సర్?

కీయర్_గాజువాక: కొన్ని నోడ్‌లు ముందు రిజిస్టర్ అవ్వమంటాయి, అది చూసుకో తమ్ముడూ. తర్వాత ఒకే లైను: డిఎక్స్ 14023.0 (కిలోహెర్ట్జ్‌లో ఫ్రీక్వెన్సీ), స్పేస్, కాల్‌సైన్, స్పేస్, కామెంట్. టైమ్ నోడే వేస్తుంది. స్టేషన్ 14023లో పంపుతూ 14025లో వింటుంటే కామెంట్‌లో 'అప్ 2' తప్పకుండా రాయి. రాయకపోతే స్పాట్ మీద క్లిక్ చేసినవాళ్లంతా 14023లోనే, అతని నెత్తి మీదే పిలుస్తారు. ఇక అతను ఎవరికీ వినబడడు. కాల్‌సైన్ రెండుసార్లు చెవితో విన్నాకే కొట్టు. మోర్స్‌లో 5కి ఐదు చుక్కలు, హెచ్‌కి నాలుగు. ఫేడింగ్‌లో ఒక్క చుక్క రాలిందా, టాంజానియా 5హెచ్ కాస్తా హైతీ హెచ్‌హెచ్ అయి కూర్చుంటుంది. రివర్స్ బీకన్ నెట్‌వర్క్ స్కిమ్మర్లూ (మోర్స్ విని వాటంతటవే స్పాట్లు వేసే కంప్యూటర్లు) ఇలాగే పప్పులో కాలేస్తాయి.

మేడమీద_డైపోల్: ఆ స్కిమ్మర్లుండగా, ఎఫ్‌టీ8 అనే డిజిటల్ మోడ్‌కి పీఎస్‌కే రిపోర్టర్ సైటుండగా మళ్లీ చేత్తో కొట్టడమెందుకో!

కీయర్_గాజువాక: స్కిమ్మర్ ఎక్కువగా 'సీక్యూ' (ఎవరైనా పలకండి) అంటేనే పట్టుకుంటుంది. పైలప్ (ఒకేసారి పిలిచేవాళ్ల గుంపు) నడుపుతున్నవాడు గంటసేపు 'టీయూ అప్' (థాంక్యూ, పైన పిలవండి) తప్ప ఇంకోమాట అనడు. ఎస్‌ఎస్‌బీ (మాటల మోడ్) గొంతు దానికి అసలు పట్టదు. ఎఫ్‌టీ8 సంగతి వేరు, దాన్ని నడిపే డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో రిపోర్టింగ్ కింద టిక్ పెట్టి, గ్రిడ్ (మన చోటు కోడ్) ఎన్‌కే17 ఇస్తే దానంతటదే వెళ్తుంది. అయినా మీరు క్లస్టర్‌లో ఎప్పుడైనా ఒక్కటి పెట్టారా? వెతికాను. మీ కాల్‌తో సున్నా. అందరివీ చూసి పని కానిచ్చుకోవడమే.

మేడమీద_డైపోల్: పెట్టలేదు, పెట్టను. క్లస్టర్‌లో పడ్డ రెండు నిమిషాల్లో జపాన్ నుంచి, ఇటలీ నుంచి కిలోవాట్లూ బీమ్ యాంటెన్నాలూ వచ్చి పడతాయి. అపార్ట్‌మెంట్ మేడ మీద డైపోల్ (మామూలు తీగ యాంటెన్నా), 100 వాట్లు పెట్టుకున్నవాడు ఏమైపోవాలి? పట్టుకున్నది మనవాడు. మొదటి అరగంట మనవాళ్లకి దక్కితే ఎవడి సొమ్ము పోయింది?

73_పెందుర్తి: ఓహో. టైమూ కాదు, గీమూ కాదన్నమాట.

కీయర్_గాజువాక: ఈ ముక్క మొదటే అనొచ్చుగా! మీ కాంటాక్ట్ అయ్యాకే పెట్టండి, ఎవరొద్దన్నారు? అరగంట దాస్తే మాత్రం అవతలివాడు ఎవరూ పిలవట్లేదని బ్యాండ్ మార్చేస్తాడు. అప్పుడు గ్రూపులోవాళ్లకీ లేదు.

మేడమీద_డైపోల్: పది నిమిషాలు. అంతకన్నా తగ్గను.

కీయర్_గాజువాక: అయిదు.

కొత్త_లైసెన్స్: సర్, 'అప్ 2' రాసి మరీ పెట్టాను, నోడ్ తీసుకుంది. ఇప్పుడు నేను పిలిస్తేనే అతనికి అందట్లేదు.