సమస్య: “పువ్వు పారుచుండెఁ బొలములోన”

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది, పై మాటలే చివరి పాదంగా పద్యం అల్లాలి. పువ్వు పూస్తుంది, వాడుతుంది, రాలుతుంది. పారడం నీటి పని. ఆ పనిని పువ్వు చేత చేయించాలి. షరతు ఒక్కటే: పూలకో నీళ్లకో సంబంధించిన ఇంగ్లీషు మాట ఒకటైనా పద్యంలో పడాలి. యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో రావలసిన జోడీ అక్షరం) తప్పితే పంతులుగారు ఊరుకోరు, ముందే చెబుతున్నా.

గళ్ళనుడి పిచ్చోడు:

ఆంగ్ల గళ్ళ నుడికి నర్థంబు వెదకంగ
ఫ్లవరు నదియె యనుచుఁ బలికె గురుఁడు;
పారునట్టి దదియె, పరమార్థ మెఱుఁగుమా
పువ్వు పారుచుండెఁ బొలములోన.

వివరణ: లండన్ ‘టైమ్స్’ పత్రిక 1930 నుంచి గళ్ళ నుడికట్టు వేస్తోంది. ఆ తరహా తిరకాసు గళ్ళలో ‘ఫ్లవర్’ అని ఆధారం ఇస్తే చాలాసార్లు జవాబు నది. ఫ్లో అయ్యేది కాబట్టి ఫ్లవర్! ఇంగ్లీషులో మూడక్షరాలైతే బ్రిటన్ నదులు డీ, క్యామ్, ఎక్స్; రెండే అయితే ఇటలీలోని పో. నాలుగేళ్లు మల్లెలూ రోజాలూ వెతికాక గానీ నాకు ఈ సంగతి తెలియలేదు. ‘బ్యాంకర్’ అన్నా నదే, దానికి గట్లున్నాయిగా!

పాలకొల్లు పంతులు: గణాలు సరిపోయాయి. ‘ఫ్ల’కు ‘బ’ యతి చెల్లుతుంది. కానీ నాయనా, నది పొలంలో ఎందుకు పారుతుంది? వరదొస్తే తప్ప. ‘పొలములోన’ను గాలికి వదిలేశావు.

తెనాలి అక్కయ్య:

జడకు నందమేది? జలమేమి చేసెను?
ధాన్య మెచటఁ బండు ధరణి మీద?
వరుస నుత్తరములు వచియింతు వినుమయ్య:
పువ్వు, పారుచుండెఁ, బొలములోన.

పంతులు: క్రమాలంకారం! మూడు ప్రశ్నలు, మూడు జవాబులు. నడక నీళ్లలా సాగింది. అయితే అమ్మా, ఈ తాళంచెవికి తెరుచుకోని సమస్య ఉంటుందా? పైగా ఇంగ్లీషు మాట ఏదీ?

తెనాలి అక్కయ్య: షరతు చూడకుండా రాసేశాను పంతులుగారూ. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాను మరి.

డల్లాస్ తాతయ్య: పద్యం రాయడం ఇది రెండోసారి. మా మనవరాలు నిజంగా అడిగిన ప్రశ్నే.

సింగు చేయు నతఁడు సింగరే యైనచో,
టీచు చేయు నతఁడు టీచరైన,
ఫ్లోవు చేయు నదియె ఫ్లవరట, తాతయ్య!
పువ్వు పారుచుండెఁ బొలములోన.

పంతులు: భేష్! మూడో పాదంలో మాత్రం యతి పోయింది. ‘ఫ్లో’కు ‘ఫ్ల’ చెల్లదు. హల్లు కుదిరినా ఓకారానికి అకారం మైత్రి కాదు. ‘ఫ్లోవరు, తాతయ్య’ అనండి, ఒక్క అక్షరంతో పోతుంది.

డల్లాస్ తాతయ్య: మార్చుకున్నాను. కానీ ఇప్పుడు అది పువ్వులా వినబడటం లేదే!

పంతులు: అసలు కిటుకు అక్కడే ఉంది. ఇంగ్లీషులో ఈ చమత్కారం కంటికే గానీ చెవికి కాదు. కాగితం మీద రెండూ ఒకే అక్షరాలు. పలికితే ఒకటి ఫ్లవర్, ఒకటి ఫ్లోవర్. మనం పలికినట్టే రాస్తాం కనుక తెలుగు లిపిలోకి రాగానే దొంగ దొరికిపోతాడు. ఆ లెక్కన మొదటి పద్యంలోనూ ‘ఫ్లవరు’ తప్పే.

పుట్టుకలోనూ వాటికి చుట్టరికం లేదు. ఫ్లవర్ లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. ఫ్లో పాత ఇంగ్లీషు మాటే, మన ‘ప్లవ’కు దాయాది. ప్లవం అంటే తెప్ప. 2021లో ఉగాదికి వచ్చిన సంవత్సరం పేరు కూడా అదే. ఫ్లవర్‌కు అసలైన కవల ఎవరంటే ‘ఫ్లౌర్’, అంటే గోధుమపిండి! మరపట్టిన దానిలో మేలైన భాగాన్ని ‘పువ్వు’ అన్నారు. 18వ శతాబ్దంలో కూడా రెంటినీ ఒకే స్పెల్లింగుతో రాసేవాళ్లున్నారు.

తెనాలి అక్కయ్య: మరి ‘ఫ్లూయెంట్’? ఫ్లో నుంచేగా?

పంతులు: అలాగే కనిపిస్తుంది, కాదు. అది లాటిన్‌లో ‘పారు’ అనే వేరే ధాతువు. ఇన్‌ఫ్లుయెన్స్, ఇన్‌ఫ్లుయెంజా కూడా దాని పిల్లలే. మనమూ ‘ధారాళంగా మాట్లాడాడు’ అంటాం. మాటను నీటితో పోల్చడం అక్కడా ఇక్కడా ఉంది.

గళ్ళనుడి పిచ్చోడు: రెండో పాదం మార్చాను: “ఫ్లోవ రనఁగ నేఱు పొసఁగె నిట్లు”. వరద సంగతి తర్వాత చూస్తా.

మదనపల్లె కోడలు: ఇంత చర్చ దేనికో నాకు అర్థం కాలేదు. మా ఇంట్లో రోజూ అనే మాటే ఇది.

బంతి తోటఁ జేరి బటనొత్త, మోటరు
పైపు నీటి ఫ్లోవు పరుగులిడఁగ
మడవఁ దిప్పునట్టి మా మామ మాటిది:
“పువ్వు పారుచుండెఁ బొలములోన.”

మా వైపు చేను పారిందంటే చేనుకు నీళ్లు అందాయని. ‘టమాటా పారింది, పువ్వు పారుతా ఉంది’ అంటాడు మా మామ. బంతి పంటను ఆయన బంతి అనడు, పువ్వు అనే అంటాడు.

పంతులు: (కాసేపటికి) తల్లీ, వ్యాకరణంలో వెతుకుతూ కూర్చున్నాం, నువ్వు మడిలో చూపించావు. శ్లేష లేదు, విరుపు లేదు, ‘పొలములోన’ పొలంలోనే ఉంది. ‘బటనొత్త’ దగ్గర నవ్వొచ్చింది గానీ తప్పు పట్టడానికేం లేదు.

నిర్వాహకుడు: షరతు కూడా నెగ్గింది, ‘ఫ్లోవు’ ఉంది. ఈ వారం మీదేనమ్మా. వచ్చే సమస్య మీరే ఇవ్వాలి.

మదనపల్లె కోడలు: రేపు ఇస్తానండీ. ఇప్పుడే త్రీఫేజ్ కరెంటు వచ్చింది. అది పోయేలోగా ఇంకా ఆరు మళ్ళు పారాలి.