ఆసుపత్రి రోడ్డులో తోపుడు బళ్లు తీసేయాలా, వద్దా? (బుధవారం కౌన్సిల్ అజెండా)

పళ్లకొట్టు_ప్రసాద్:
బుధవారం మన మున్సిపల్ కౌన్సిల్లో పెడుతున్నారు. ఆసుపత్రి రోడ్డును నో వెండింగ్ జోన్ చేసి, బళ్లన్నిటినీ పాత బస్టాండు వెనక ఖాళీ జాగాకి మారుస్తారట. నా ఓటు దీనికే. సాయంత్రం ఆరు దాటితే ఆ రోడ్డులో అంబులెన్సు దూరే సందు ఉండదు. ఒక పక్క పునుగుల బండి, ఇంకో పక్క మొక్కజొన్న పొత్తులు, మధ్యలో అడ్డదిడ్డంగా బైకులు. విశాఖలో 2025 సెప్టెంబరులో ‘ఆపరేషన్ లంగ్స్’ అంటూ రోడ్ల మీద బళ్లు తీసేశారు కదా. మనవాళ్లకి ఎందుకు చేతకాదు?

సాయంత్రం_నడక:
నిజమే. పునుగుల బండి ఒక్కటీ వదిలేయమనండి.

రిటైర్డ్_మేష్టారు:
అంశం రాసిన తీరే తప్పు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ముందు సర్వే జరగాలి, అర్హులకి సర్టిఫికెట్లు ఇవ్వాలి. అది పూర్తయ్యేదాకా ఎవరినీ తీసేయడానికి లేదు. ఆ తర్వాత మార్చాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. అజెండాలో ‘తక్షణమే’ అని ఉంది. ఆ మాట కొట్టేయాలి.

పళ్లకొట్టు_ప్రసాద్:
మేష్టారూ, రోగి ప్రాణం పోతుంటే 30 రోజులు ఆగమంటారా?

రిటైర్డ్_మేష్టారు:
నేను మాట్లాడుతున్నది ‘తక్షణమే’ అన్న మాట గురించి.

బండి_వాళ్లబ్బాయి:
మా అమ్మది ఆ రోడ్డులో అరటిపళ్ల బండి. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు పెట్టింది, ఇప్పుడు నాకు ఉద్యోగం వచ్చి మూడేళ్లు. రోజూ ఆశీలు కడుతుంది. ఆ రసీదు ముక్కలన్నీ బిస్కెట్ల డబ్బాలో దాచి పెట్టింది, కావాలంటే ఫొటో పెడతాను. 2020లో స్వనిధి పథకం కింద 10,000 అప్పిచ్చారు, తీర్చింది. మళ్లీ 20,000 ఇచ్చారు, అదీ తీరుస్తోంది. అప్పిచ్చేటప్పుడు వీధి వ్యాపారి, బండి ఎత్తుకెళ్లేటప్పుడు ఆక్రమణదారు.

క్రితం వేసవిలో ఒకసారి బండి ఎత్తుకెళ్లారు. పాడైపోయే సరుకైతే అడిగిన రోజే తిరిగి ఇవ్వాలని చట్టంలో ఉందట. మాకు నాలుగో రోజున ఇచ్చారు. గెలలు నల్లగా కమిలి నీరు కారుతున్నాయి, చుట్టూ ఈగలు. చక్రకేళి అమృతపాణి ఏదో అమ్మకే గుర్తుపట్టడం కష్టమైంది. ఊడిపోయిన చక్రం ఒకటి పక్కన పడేసి ఉంది.

ఆకాశ్_99:
అయ్యో. కానీ బ్రో, ట్రాఫిక్ మాత్రం నిజం.

రాత్రిడ్యూటీ:
నేను అదే ఆసుపత్రిలో నర్సుని. బళ్ల వల్ల ఇబ్బంది లేదని చెప్పను. కానీ నేను చూసినంతలో అంబులెన్సు ఎక్కువగా ఆగిపోయేది గేటు పక్కన మందుల షాపుల ముందు. అక్కడ కార్లు రెండు వరసల్లో పెట్టేసి వెళ్లిపోతారు. బండివాళ్లు సైరన్ వినగానే తోసుకుని పక్కకి జరుగుతారు. కారుకి డ్రైవరు ఉండొద్దూ?

పళ్లకొట్టు_ప్రసాద్:
కార్ల సంగతి వేరే తీర్మానం పెట్టమనండి. ఇక్కడ ప్రశ్న బళ్లు.

బండి_వాళ్లబ్బాయి:
వేరే తీర్మానం ఎప్పుడూ రాదు కదా ప్రసాదన్నయ్యా. ఇంకో మాట. మీ కొట్టు ముందు కాలువ మీద పలకలు పరిచారు, పైన రేకుల పందిరి వేశారు, కింద బత్తాయి బుట్టలు పేర్చారు. ఫుట్‌పాత్ అక్కడే పోయింది. మా అమ్మ బండి దాని తర్వాతే మొదలవుతుంది.

పళ్లకొట్టు_ప్రసాద్:
ఓహో, అడ్రసు కూడా పెట్టు, ఊరంతా వచ్చి చూస్తుంది. అవును, రేకులు వేశాను. వాన పడితే సరుకు తడుస్తుందని వేశాను. నెలకి 14,000 అద్దె నేను కడుతున్నా. ట్రేడ్ లైసెన్సు నాది, ఇంటి ఓనరు పన్ను పెరిగిందంటూ అద్దెలో కలిపేదీ నా మీదే. 2024 ఆఖరుకి తీసేసేదాకా చెత్త పన్ను కూడా కట్టాను. కొనేవాడు నా దగ్గర డజను రేటు అడిగి, రెండడుగులు వేసి బండి దగ్గర పది తక్కువకి కొనుక్కుని పోతాడు. నా కళ్ల ముందే! రోజుకి 20 రూపాయల ఆశీలు కట్టినవాళ్లూ, నేనూ ఒకటేనా?

రాత్రిడ్యూటీ:
ఇప్పుడు మాట బయటకి వచ్చింది.

ఆకాశ్_99:
అంబులెన్సు ఏమైంది అన్నా?

పళ్లకొట్టు_ప్రసాద్:
అంబులెన్సూ నిజమే, ఇదీ నిజమే. రెండూ ఉండకూడదని రూలుందా?

బండి_వాళ్లబ్బాయి:
సరే, ఇదే మాట మొదట్లో చెబితే నేను అంత పొడుగు రాసేవాణ్ని కాదు. పాత బస్టాండుకి వెళ్లడానికి అమ్మ ఒప్పుకుంటుంది. అమ్మ భయం వేరే. అక్కడ ముగ్గు పోసి గీసిన గళ్లు 60. రోడ్డు మీద బళ్లు నేను లెక్కపెడితే 112. మిగతావాళ్లు ఎక్కడికి పోతారు? ఆ 60 ఎవరికి ఇస్తారు? వార్డులో ఎవరి వెనక తిరిగితే వాళ్లకేనా?

సాయంత్రం_నడక:
పోయినసారి మార్కెట్ షాపుల వేలంలో ఏం జరిగిందో అందరికీ తెలుసు కదా. ఇదీ అంతే.

రిటైర్డ్_మేష్టారు:
అందుకే టౌన్ వెండింగ్ కమిటీ అని ఒకటుంది. అధ్యక్షుడు కమిషనరు. సభ్యుల్లో 40 శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారులే, అదీ ఎన్నికై వచ్చినవాళ్లు ఉండాలి. వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. గళ్ల పంపకం ఆ కమిటీ చూడాలి. మన దగ్గర ఆ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో ఆఫీసులో అడిగాను. ‘ఫైలు చూడాలి సార్’ అన్నారు.

పళ్లకొట్టు_ప్రసాద్:
నా రేకులు గోడ వరకు లోపలికి జరుపుతాను. ఇది ఇక్కడ రాసే పెడుతున్నా. కానీ పళ్ల బండి నా గుమ్మానికి ఎదురుగా వద్దు. పూలబండి పెట్టుకోండి, చెప్పుల బండి పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

బండి_వాళ్లబ్బాయి:
ఇరవై ఏళ్లుగా ఆ చెట్టు కింద అలవాటైన మనిషిని చెప్పులు అమ్మమంటావా అన్నయ్యా?

పళ్లకొట్టు_ప్రసాద్:
చెప్పులు అమ్మమనలేదు, చెట్టుకి అవతలి పక్కకి జరపమంటున్నాను. నలభై అడుగులు కూడా లేదు.

బండి_వాళ్లబ్బాయి:
అమ్మని అడిగి చెబుతాను. బుధవారం వస్తున్నారా?

రిటైర్డ్_మేష్టారు:
పదిన్నరకి. ‘తక్షణమే’ కొట్టేయమని అర్జీ రాశాను. సంతకాలు ఎవరైనా పెడతారా?