సీఏ ఫౌండేషన్‌కి ఇంటర్‌తో పాటే కోచింగ్‌లో వేయాలా, ఇంటర్ అయ్యాక మొదలుపెడితే చాలా?

తెనాలి మేనమామ:
అందరికీ నమస్కారం. మా అక్క కూతురు ఈసారి పదో తరగతి మంచి మార్కులతో పాసైంది, సీఏ చేస్తానంటోంది. లెక్కలంటే భయం లేదు కాబట్టి ఎంఈసీలో చేర్చడానికి ఇంట్లో అందరం ఒప్పుకున్నాం. గొడవంతా ఆ తర్వాతే. ఒక కాలేజీ వాళ్లు ఇంటర్, ఫౌండేషన్ (సీఏలో మొదటి పరీక్ష) కలిపి రెండేళ్లు హాస్టల్లో ఉంచి చదివిస్తాం, ఇప్పుడు చేరకపోతే తర్వాత అందుకోలేరు అంటున్నారు. బావ డబ్బు కట్టేయడానికి సిద్ధం. నాకేమో ఊళ్లోనే మామూలు కాలేజీలో ఎంఈసీ చదివించి, సెకండియర్ పరీక్షలు అవ్వగానే నాలుగైదు నెలలు గట్టిగా ఫౌండేషన్ మీద కూర్చోబెడితే సరిపోతుందనిపిస్తోంది. పిల్ల భవిష్యత్తు కాబట్టి నా మాటే నెగ్గాలని లేదు. పరీక్ష రాసినవాళ్లు, పాఠం చెప్పేవాళ్లు, పిల్లల్ని చదివించినవాళ్లు మీ మాట చెప్పండి. కాలేజీల పేర్లు మాత్రం వద్దు.

అకౌంట్స్ మాస్టారు, విజయవాడ:
మీ ఆలోచనే సరైనదని నా అభిప్రాయం, కారణాలు చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

ముందు పరీక్ష ఏమిటో చూడండి. సీఏ పరీక్షలు పెట్టే ఇన్‌స్టిట్యూట్ (ఐసీఏఐ) 2023 జూలైలో కొత్త స్కీమ్ తెచ్చింది, 2024 జూన్ నుంచి ఫౌండేషన్ ఆ పద్ధతిలోనే జరుగుతోంది. నాలుగు పేపర్లు, ఒక్కోటి 100 మార్కులు. అకౌంటింగ్, బిజినెస్ లా (వ్యాపార చట్టాలు) చేత్తో రాసేవి, మూడేసి గంటలు. క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్, ఎకనామిక్స్ ఆబ్జెక్టివ్, రెండేసి గంటలు, తప్పు జవాబుకి పావు మార్కు పోతుంది. ప్రతి పేపర్లోనూ 40 రావాలి, మొత్తం మీద 200 రావాలి. ఈ రెండో షరతు చాలామంది తల్లిదండ్రులకి తెలియదు. నాలుగింటిలోనూ సరిగ్గా 40 తెచ్చుకున్న పిల్లకి 160 వస్తాయి, ఫెయిలే. మొత్తం 230 వచ్చి లాలో 38 దగ్గర ఆగిపోయినా ఫెయిలే.

ఇప్పుడు ఇంటర్ సిలబస్‌ని దీని పక్కన పెట్టి పోల్చి చూడండి. జర్నల్, లెడ్జర్, బ్యాంక్ రీకన్సిలియేషన్, తప్పుల సవరణ, ఫైనల్ అకౌంట్స్, తర్వాత పార్ట్‌నర్‌షిప్, లాభాపేక్ష లేని సంస్థల ఖాతాలు, ఇవన్నీ ఇంటర్ కామర్స్ పుస్తకంలో ఉన్నవే. ఎకనామిక్స్‌లో డిమాండ్, సప్లై, మార్కెట్లు కూడా అంతే. ఎంఈసీని నిజాయితీగా అర్థం చేసుకుని చదివిన పిల్ల ఫౌండేషన్‌లో చాలా భాగం అప్పటికే చదివేసినట్టు. కొత్తగా వచ్చేది లా, లాజికల్ రీజనింగ్, కంపెనీ అకౌంట్స్‌లో కొంత. దానికి రెండేళ్ల హాస్టల్ ఎందుకండీ?

ఇంకో సంగతి. పదో తరగతి అవ్వగానే ఫౌండేషన్‌కి రిజిస్టర్ చేసుకోవచ్చు గానీ పరీక్ష రాసేది ఇంటర్ అయ్యాకే. రిజిస్ట్రేషన్‌కి, పరీక్షకి మధ్య నాలుగు నెలల స్టడీ పీరియడ్ ఉండాలి. సెప్టెంబర్లో రాయాలంటే మే ఒకటో తారీకులోపు రిజిస్టర్ అయితే చాలు. ఇప్పుడే చేరకపోతే అందుకోలేరన్న మాటలో పరీక్ష నిబంధన ఏదీ లేదు, అది అడ్మిషన్ల మాట.

ఆర్టికల్స్‌లో ఉన్నా, హైదరాబాద్:
మాస్టారూ, సిలబస్ లెక్క మీరు చెప్పినట్టే ఉంది. స్పీడ్ లెక్క మీరు వేయలేదు. నేను ఇంటర్, ఫౌండేషన్ కలిపి చెప్పే ఇంటిగ్రేటెడ్‌లోనే చదివాను, ఇప్పుడు ఆర్టికల్‌షిప్‌లో (సీఏ దగ్గర చేసే ప్రాక్టికల్ శిక్షణ) ఉన్నాను, మళ్లీ ఎంచుకోమన్నా అదే ఎంచుకుంటాను.

పేపర్ త్రీలో, అంటే క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్‌లో, 120 నిమిషాలకి 100 ప్రశ్నలు. ఆలోచించి చేస్తే ఎవరైనా చేస్తారు, ఆలోచించే టైమే అక్కడ ఉండదు. ఒక ఉదాహరణ. ఏటా వచ్చే సొమ్ముకి 8 శాతం వడ్డీతో మూడేళ్ల ప్రెజెంట్ వాల్యూ (ఇవాళ్టి విలువ) కట్టాలి అనుకోండి. ఇంటర్ పద్ధతిలో ఫార్ములా రాసి, ఘాతం కట్టి, తీసివేసి, భాగించి వెళ్తే రెండు మూడు నిమిషాలు పోతాయి. మామూలు పన్నెండు అంకెల క్యాలిక్యులేటర్‌లో 1ని 1.08తో భాగించి ఈక్వల్ మూడుసార్లు నొక్కి, జీటీ (గ్రాండ్ టోటల్ బటన్) నొక్కితే 2.577 వచ్చేస్తుంది, దాన్ని సొమ్ముతో గుణించడమే. పది సెకన్లు. ఇది తెలుసుకోవడానికి ఒక్కరోజు చాలు, టెన్షన్‌లో కూడా వేలు తప్పకుండా పడాలంటే నెలలు కావాలి. ఆ నెలలు మాకు ఇంటర్‌లోనే దొరికాయి.

రెండోది, ఇంటర్ తర్వాత ఖాళీగా ఉన్న నాలుగైదు నెలలు అంటారు కదా, అవి ఖాళీగా ఉండవు. ఫ్రెండ్సందరూ బీటెక్, బీకాం అంటూ కాలేజీల్లో చేరి ఫొటోలు పెడుతుంటారు, చుట్టాలు ఎక్కడ సీటొచ్చింది అని అడుగుతుంటారు. పిల్ల ఇంట్లో ఒంటరిగా పుస్తకం ముందు ఉంటుంది. ఫలితాలు చూడండి: 2024 జూన్‌లో పాసైంది 14.96 శాతం, సెప్టెంబర్‌లో 19.67, 2025 జనవరిలో 21.52. ఏ సారి చూసినా పదిమందిలో దాదాపు ఎనిమిది మంది, అంతకంటే ఎక్కువే పోతున్న పరీక్షకి నాలుగు నెలలు చాలని చెప్పడం నాకు భయంగా ఉంది.

అకౌంట్స్ మాస్టారు, విజయవాడ:
చెల్లెమ్మా, ఆ పోతున్నవాళ్లలో రెండేళ్లు హాస్టల్లో ఉండి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. నా దగ్గరికి ఫెయిలై వచ్చే పిల్లల్లో అలాంటివాళ్లని ప్రతిసారీ చూస్తున్నాను. వాళ్ల క్యాలిక్యులేటర్ వేళ్లు బ్రహ్మాండంగా ఉంటాయి. పోయేది లా పేపర్లో.

ఎలా పోతుందో చెబుతాను. పదిహేడేళ్ల కుర్రాడు వయసు దాచి, ఆస్తి తాకట్టు పెట్టి అప్పు తీసుకున్నాడు, అప్పిచ్చినవాడు వసూలు చేసుకోగలడా అని ప్రశ్న. మన పిల్ల ‘మైనర్ కాబట్టి ఒప్పందం చెల్లదు’ అని రెండు లైన్లు రాసి లేచిపోతుంది. జవాబు తప్పు కాదు, మార్కులు మాత్రం రావు. 1872 కాంట్రాక్ట్ చట్టం ప్రకారం ఎవరికి అర్హత ఉందో ముందు చెప్పాలి, మోహరీ బీబీ కేసులో 1903లో ప్రీవీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో పై కోర్టు) ఏం తేల్చిందో రాయాలి, వయసు అబద్ధం చెప్పినా ఒప్పందం నిలవదని ఈ కుర్రాడి విషయానికి కలపాలి, ఆఖర్న తీర్పులాగా ఒక వాక్యం. చట్టం, సంగతులు, ముగింపు. ఈ మూడూ తన చేత్తో, ఇంగ్లిష్‌లో, టైము చూసుకుంటూ రాసి, ఎవరైనా దిద్దితేనే వస్తుంది. రోజూ ఆబ్జెక్టివ్ టెస్టు పెట్టి ర్యాంకులు గోడకి అంటించే చోట ఇది జరగడం నేను తక్కువ చూశాను.

ఖమ్మం నుంచి:
మాస్టారు ఇంగ్లిష్ అని ఒక్క మాట అని వదిలేశారు, నాకు అదే అసలు విషయం. నేను పది వరకు తెలుగు మీడియం. ఈ పరీక్ష ఇంగ్లిష్‌లో గానీ హిందీలో గానీ రాయాలి, తెలుగులో లేదు. క్లాసులో సార్ తెలుగులో చెబుతుంటే మొత్తం అర్థమవుతుంది, పేపరు చూడగానే ప్రశ్న ఏం అడుగుతోందో పట్టుకోవడానికే నిమిషాలు పోతాయి. నాలాంటి వాళ్లకి ఇంటర్ అయ్యాక నాలుగు నెలలు చాలవు, ఇది గట్టిగా చెబుతున్నాను. అలాగని హాస్టల్ కూడా అక్కర్లేదు. నేను ఫస్టియర్ నుంచీ ఇన్‌స్టిట్యూట్ స్టడీ మెటీరియల్‌లో లా పుస్తకం తీసి రోజుకి ఒక పేజీ చదివి, పుస్తకం మూసి, అదే విషయం నా మాటల్లో ఇంగ్లిష్‌లో రాసేవాణ్ని. మొదట్లో ఆరేడు లైన్లే వచ్చేవి. మా కామర్స్ మేడమ్ ఎర్ర పెన్నుతో దిద్దేవారు, ఆవిడకి సీఏ గురించి ఏమీ తెలియదు, వాక్యం సరిగా ఉందో లేదో చూసేవారంతే. ఆ దిద్దుడే నన్ను లాలో గట్టెక్కించింది. ఇప్పుడు సీఏ ఇంటర్మీడియట్ (ఫౌండేషన్ తర్వాతి మెట్టు) చదువుతున్నాను.

సీఈసీ నాన్న, కర్నూలు:
డబ్బు గురించి కూడా ఎవరైనా మాట్లాడాలి. ఇన్‌స్టిట్యూట్‌కి కట్టేది రిజిస్ట్రేషన్‌కి తొమ్మిది వేల పైచిలుకు, పరీక్ష ఫీజు పదిహేను వందలు. స్టడీ మెటీరియల్, ఆర్‌టీపీలు (రివిజన్ టెస్ట్ పేపర్లు), మాక్ టెస్ట్ పేపర్లు, పాత పేపర్లకి జవాబులు అన్నీ వాళ్ల సైట్‌లో ఉచితం. ఇన్‌స్టిట్యూట్‌లో చదువు చూసుకునే బోర్డ్ ఆఫ్ స్టడీస్ లైవ్ క్లాసులు కూడా ఉచితమే, ఇంగ్లిష్, హిందీల్లో చెబుతారు. రెండేళ్ల హాస్టల్‌కి మాత్రం మా బంధువులు ఒకరు అప్పు చేసి కట్టారు, పిల్లాడికి మధ్యలో సీఏ మీద మనసు పోయింది, ఆ కాలేజీ డబ్బు వెనక్కి ఇవ్వలేదు. పదిహేనేళ్ల పిల్ల ఇవాళ సీఏ అంటుంది, ఏడాది తర్వాత కూడా అంటుందా అన్నది చూసుకోవాలి కదా.

మావాడు సీఈసీ, ఇంటర్లో లెక్కలు లేవు. వాడికి ముందునుంచే పేపర్ త్రీ మొదలుపెట్టించక తప్పలేదు. అందులో లెక్కలు 40 మార్కులు, రీజనింగ్ 20, స్టాటిస్టిక్స్ 40. రీజనింగ్, స్టాటిస్టిక్స్ బాగా పట్టుకుని, లెక్కల్లో వడ్డీలు, నిష్పత్తులు చూసుకుని సాయంత్రాలు ఒక ట్యూషన్‌తో లాక్కొచ్చాం. ఎంఈసీ పిల్లకి ఆ బాధే లేదు.

బీకాం దారి, విశాఖ:
అసలు ఫౌండేషన్ ఎందుకు? బీకాం 55 శాతంతో పాసైతే నేరుగా సీఏ ఇంటర్మీడియట్‌కి వెళ్లొచ్చు, వేరే డిగ్రీ అయితే 60 శాతం. చేతిలో డిగ్రీ ఉంటుంది, పిల్ల కూడా కాస్త ఎదుగుతుంది.

ఆర్టికల్స్‌లో ఉన్నా, హైదరాబాద్:
అన్నా, ఆ దారి ఉంది, మంచిదే, కానీ పదిహేనేళ్లకే సీఏ కావాలని తేల్చుకున్న పిల్లకి అది చాలా ఆలస్యం. కొత్త స్కీమ్‌లో ఆర్టికల్‌షిప్ మూడేళ్ల నుంచి రెండేళ్లకి తగ్గింది. ఫౌండేషన్ దారిలో అన్నీ కలిసొస్తే డిగ్రీ పట్టా తీసుకునే వయసుకి ఆర్టికల్స్‌లో సగం దూరం వచ్చేస్తుంది. బీకాం పక్కన దూరవిద్యలో చేసుకోవచ్చు.

మాస్టారు చెప్పిన లా సంగతి మాత్రం నిజమే, ఒప్పుకుంటున్నాను. మా బ్యాచ్‌లో చాలామంది ఆ పేపర్ దగ్గరే ఆగారు. అయినా నా మాట మార్చుకోను. క్రమశిక్షణ తనంతట తనకి లేని పిల్లకి చుట్టూ చదివేవాళ్లు ఉండటం పెద్ద బలం. ఆ వాతావరణం ఇంట్లో తయారు చేయగలరా అన్నది తెనాలి గారు నిజాయితీగా ఆలోచించుకోవాలి.

తెనాలి మేనమామ:
అందరికీ చాలా థ్యాంక్స్. ఇదంతా అక్కకి, బావకి చదివి వినిపించాను. పిల్ల కూడా పక్కనే కూర్చుని వింది. ఖమ్మం తమ్ముడు చెప్పింది తనకి బాగా తగిలింది, ఇంగ్లిష్ మీడియమే అయినా పేజీ నిండా సొంతంగా రాయమంటే నాకూ రాదు మామయ్యా అంది. బావ ఇంకా హాస్టల్ వైపే ఉన్నారు, రానుపోను బస్సులో రోజూ వెళ్లొచ్చే పద్ధతి ఉందేమో కనుక్కుంటానన్నారు. ఆదివారం కాలేజీకి వెళ్తున్నాం. అక్కడ ఏం అడగాలో చెప్పండి.

అకౌంట్స్ మాస్టారు, విజయవాడ:
ర్యాంకుల బోర్డు చూపిస్తారు, అది చూసి కదిలిపోకండి. కిందటి బ్యాచ్‌లో మొత్తం ఎంతమంది చేరారు, అందులో మొదటిసారికే ఎంతమంది పాసయ్యారు, ఈ రెండు అంకెలూ కలిపి అడగండి. ఒకటే చెబితే సరిపోదు. తర్వాత సీనియర్ పిల్ల లా ఆన్సర్ షీట్ ఒకటి చూపించమనండి. దాని మీద పక్కన ఎర్ర సిరాతో ఏమైనా రాసి ఉందా, లేక కింద మార్కు వేసి వదిలేశారా చూడండి.

ఆర్టికల్స్‌లో ఉన్నా, హైదరాబాద్:
నిద్ర ఎన్ని గంటలో కూడా అడగండి. హాస్టల్లో ఉన్న పిల్లల్నే అడగండి, ఆఫీసులో కాదు. పిల్లని వాళ్లతో ఒక అరగంట ఒంటరిగా వదలండి, తనకే తెలుస్తుంది.